వంతెన సిగ్నలు దగ్గర పరీక్ష

ఆ సైకిలు షాపులో అన్నదమ్ములిద్దరూ ఒకే బల్ల మీద పని చేసేవారు. కానీ బల్లకు నడిమధ్యలో పాత సైకిలు ట్యూబు ఒకటి అడ్డంగా పరిచి ఉండేది. ట్యూబుకు ఇవతల పెద్ద మేస్త్రీ పానాలు, అవతల చిన్న మేస్త్రీ పానాలు. గ్రీజు డబ్బా మాత్రం ట్యూబు మీదే, ఇద్దరి చేతికీ అందేలా ఉండేది. "మీ నాన్న వదిలిపెట్టిన ఉమ్మడి ఆస్తి ఇదొక్కటే మిగిలింది" అని రొట్టెలు అమ్ముకునే ముసలాయన వచ్చినప్పుడల్లా నవ్వేవాడు. ఆయన రొట్టెల సైకిలు ఆ షాపు పెట్టినప్పటి నుంచీ అక్కడే బాగవుతోంది కాబట్టి ఆయన ఏమన్నా చెల్లుతుంది.

తగాదా ఆస్తి గురించి కాదు. మోటారు గురించి. సైకిలుకు కరెంటు మోటారు పెట్టించుకునే కాలం వచ్చాక, అది ఎక్కడ పెట్టాలన్న దగ్గర వాళ్ళు విడిపోయారు.

పెద్దవాడు చక్రం పక్షం. వెనక చక్రం బొడ్డులోనే మోటారు ఉండాలంటాడు. లోపల పళ్ళచక్రాలు ఉండవు, అరిగేదేమీ ఉండదు, చప్పుడు రాదు. ఒకసారి ఊపందుకుందంటే మంచినీళ్ళు తాగినంత సులువుగా పోతుంది. "ఏళ్ళ తరబడి నోరెత్తదు. ఇంట్లో ఆడవాళ్ళకంటే నయం" అని గిరాకీలకు చెప్పేవాడు, భార్య అక్కడే ఉన్నా సరే.

చిన్నవాడు పెడలు పక్షం. మోటారు రెండు పెడళ్ళ మధ్య కూర్చుని చైనును లాగాలంటాడు. అప్పుడు మన కాళ్ళకు ఉపయోగపడే గేర్లే మోటారుకూ ఉపయోగపడతాయి. గేరు దించితే గోడ మీదకైనా ఎక్కిస్తానని అతని పొగరు.

ఎవరైనా వచ్చి "రెండింట్లో ఏది మంచిదయ్యా?" అని అడిగితే చాలు. పెద్దవాడు, "నీకు ఇంటికి చేరాలని ఉందా, దారిలో చైను పట్టుకుని కూర్చోవాలని ఉందా?" అనేవాడు. చిన్నవాడు తల ఎత్తకుండానే, "నీకు సిగ్నలు దగ్గర కదలాలని ఉందా, కునుకు తీయాలని ఉందా?" అనేవాడు. అడిగినవాడు ఇద్దరి మొహాలూ చూసి, గాలి మాత్రం కొట్టించుకుని పోయేవాడు.

పెద్ద మేస్త్రీ భార్యను ఆ వీధిలో అందరూ నర్సమ్మ అంటారు. ఆసుపత్రిలో కాదు, ఇళ్ళకు వెళ్ళి మంచాన పడ్డవాళ్ళకు కట్లు కట్టడం, సూదులు వేయడం ఆమె పని. మెత్తని చెయ్యి. వెనక క్యారియరు మీద పెట్టెలో దూది, మందులు, నీళ్ళ సీసా, మార్చుకునే బట్టలు, ఇంకా ఎవరింట్లోనో అవసరపడతాయని పెట్టుకున్నవన్నీ ఉండేవి. ఆమె సైకిలుకు ఉన్నది, వేరే చెప్పాలా, చక్రం మోటారే. మొగుడు స్వయంగా బిగించి ఇచ్చాడు. ఇచ్చిన రోజు ఆమె మురిసిపోయింది కూడా. చదును రోడ్డు మీద అది నిజంగానే చక్కగా పోయేది. ఆ మాట ఆమె ఎప్పుడూ కాదనలేదు.

చిక్కంతా వంతెన సిగ్నలు దగ్గర. రోడ్డు అక్కడ ఆగి, లైటు పచ్చబడగానే నేరుగా ఎత్తెక్కుతుంది. బరువుతో, ఆగిన చోటు నుంచి, ఎత్తు మీదకు కదలాలంటే ఆ మోటారుకు చేతకాదు. వేగం ఉన్నప్పుడే దానికి బలం. వేగం లేనప్పుడు లోలోపల మూలుగుతుంది, వేడెక్కుతుంది, కదిలీ కదలనట్టు కదులుతుంది. ఆ లోపు ముందు చక్రం అటూ ఇటూ ఊగుతుంది. వెనక బస్సులు, లారీలు హారన్లు మోగిస్తాయి. ఒక కాలు నేల మీద తన్నుతూ, ఒక కాలు పెడలు తొక్కుతూ ఆమె రోజూ ఆ నాలుగు గజాలు దాటేది. ఎర్ర లైటు ముందు నిలబడ్డప్పుడల్లా చెమట పట్టిన అరచేతులను చీరకు తుడుచుకుని, "చూస్తున్నావుగా తండ్రీ" అనుకునేది. అంతకంటే పెద్ద ప్రార్థన ఆమెకు రాదు. అంతకంటే పెద్దది అవసరమనీ తోచలేదు. చూస్తున్నవాడు చూసుకుంటాడని ఆమె నమ్మకం.

ఈ సంగతి మొగుడికి చెప్పకపోలేదు.

"లైటు మారకముందే కాస్త తొక్కడం మొదలెట్టాలే" అన్నాడు ఒకసారి.

"ముందున్నవాళ్ళ మీదకు తొక్కమంటారా?"

"గట్టిగా తొక్కాలి మరి."

"తొక్కుతూనే ఉన్నానండీ. ఒక్కసారి వచ్చి చూడండి."

"నేను చూడక్కర్లేదు. ఆ మోటారు నాకు తెలుసు."

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అనేవాడికి నాలుగో కాలు ఎలా చూపిస్తాం? ఆమె ఊరుకుంది. వంతెన షాపుకు దూరమేమీ కాదు. అయినా ఆయన ఒక్కనాడూ రాలేదు.

తర్వాత ఒక వాన రోజున బస్సు ముందు భాగం వచ్చి ఆమె వెనక పెట్టెకు తగిలింది. గట్టిగా కాదు, భుజం మీద చెయ్యేసి పిలిచినట్టు తగిలింది. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి, "ఏమ్మా, అక్కడే ఇల్లు కట్టుకుంటున్నావా?" అన్నాడు. బస్సులోవాళ్ళు నవ్వారు. ఆమె మాత్రం మేష్టారి ఇంటికి చేరేదాకా సైకిలు ఎక్కలేదు, తోసుకుంటూనే వెళ్ళింది. ఆ మేష్టారు వంతెన అవతల ఉండే ముసలాయన. కాలి పుండుకు పొద్దున్నే కట్టు మార్చకపోతే తట్టుకోలేడు. మర్నాటి నుంచి ఆమె సిగ్నలు దగ్గర దిగిపోయి, అందరూ పోయాక సైకిలు తోసుకుంటూ వంతెన ఎక్కడం మొదలుపెట్టింది. రోజూ ఆలస్యం. మేష్టారి కూతురు మొహం ముడుచుకుంది. పనిచ్చే సంస్థవాళ్ళు, ఇలాగైతే ఆ ఇల్లు ఇంకొకరికి అప్పజెప్తామన్నారు.

ఆ రోజు అన్నాల దగ్గర ఆమె చెప్పేసింది.

"ఆ సిగ్నలు నేను దాటలేను. బండి మార్చండి, లేకపోతే పని మానేస్తాను. రోజూ చావును వెనకాల పెట్టుకుని నిలబడలేను."

పెద్ద మేస్త్రీ కలుపుతున్న చెయ్యి ఆగింది. ఆయన ఏదో అనేలోపే చిన్నవాడు అందుకున్నాడు. "వదినా, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు? నా మోటారు పెట్టి చూడు. లైటు పచ్చబడేసరికి నువ్వు వంతెన మీద ఉంటావు."

"వంతెన మీదో, వంతెన కిందో" అన్నాడు అన్న.

"చైను మీద నమ్మకం లేనివాడివి సైకిలు షాపు ఎందుకు పెట్టావన్నయ్యా?"

"పెట్టింది నేను కాదురా, నాన్న. నువ్వప్పుడు చక్రాల మధ్య దాగుడుమూతలు ఆడుకునేవాడివి."

అత్తగారు మజ్జిగ గిన్నె నేల మీద పెట్టింది. పెట్టిన తీరులోనే తీర్పు ఉంది. "నోళ్ళు మూసుకోండిరా ఇద్దరూ. రోజూ ఇదే రామాయణం. అమ్మాయి ఆ సిగ్నలు దగ్గర మొదట నీ మోటారు తొక్కుతుంది, తర్వాత వాడి మోటారు తొక్కుతుంది. ఏది బాగా లేస్తే షాపు బోర్డు మీద ఆ మోటారే రాయండి. ఆ ట్యూబు తీసి అవతల పారేయండి. బల్ల చూస్తుంటే నా కడుపు రెండు ముక్కలు చేసినట్టుంది."

"ఒప్పుకున్నా" అన్నాడు చిన్నవాడు.

"ఒక షరతు" అన్నాడు పెద్దవాడు. "మధ్యలో ఎవరూ తొక్కే మనిషికి ఏమీ చెప్పకూడదు. ఇలా తొక్కు, అలా తొక్కు అని పక్కనుంచి అందిస్తే అది మోటారు గొప్పో, అందించినవాడి గొప్పో తెలీదు."

"నా మోటారుకు చెప్పాల్సింది ఏముంటుంది? ఎక్కి తొక్కడమే."

ఇలా ముగ్గురూ ఒప్పుకున్నారు. నాలుగో మనిషిని ఎవరూ అడగలేదు గానీ, అడిగినా ఆమె సరేననేదే. నిజం చెప్పాలంటే ఆమెకు సంతోషం కూడా వేసింది. బోర్డు మీద ఏం రాసుకుంటే తనకేం? ఇన్నాళ్ళకు మొగుడు వచ్చి ఆ సిగ్నలు చూడబోతున్నాడు. అది చాలు.

చిన్న మేస్త్రీ తన మోటారు బిగించిన సైకిలును శుభ్రంగా తుడిచి తెచ్చి ఇచ్చాడు. కుడి చేతి పిడి దగ్గర చిన్న మీట ఉంది. ఆమె పాత సైకిలుకు అలాంటిది లేదు.

"ఇది దేనికి?"

"గేర్లు వదినా. చేతికి ఎలా వీలైతే అలా మార్చుకో. మిగతాది అదే చూసుకుంటుంది."

అతను ఇంకో మాట చెప్పబోయి ఆగినట్టు ఆమెకు అనిపించింది. నిజంగానే ఆగాడు. ఆ మోటారుతో ఎత్తు దగ్గర ఆగాలంటే, ఆగకముందే గేరు దించుకోవాలి. అదొక్కటే దాని మర్మం. పెద్ద గేరులో ఆగిపోతే, కదిలేటప్పుడు మోటారు కూడా నిండు బండి లాగే ముసలి ఎద్దులా చతికిలబడుతుంది. కానీ ఆ మాట చెప్తే, "చూశారా, దీనికి పాఠం చెప్పాలి" అని అన్న అంటాడేమోనని అతని భయం. ఎక్కి తొక్కడమే అని ఆ ముందు రోజే గొప్పగా అనేశాడు కదా.

ఆమె వీధిలో తొక్కి చూసింది. చదును రోడ్డు. మీట నొక్కేకొద్దీ సైకిలు తేలికగా దూసుకుపోయింది. ఆగింది, కదిలింది. ఇబ్బందేమీ లేదు. పాత సైకిలులాగే ఎలా వచ్చిందో అలాగే ఆపడం, ఎలా ఆగిందో అలాగే కదలడం. ఏళ్ళ అలవాటు అది. పళ్ళు లేని మోటారు తొక్కినవాళ్ళకు, ఆగేముందు చెయ్యాల్సిన పని ఒకటి ఉంటుందని ఎలా తెలుస్తుంది? "బాగుంది చిన్నా" అంది. అతను పొంగిపోయాడు.

పరీక్షకు మామూలు పని దినమే పెట్టుకున్నారు, రద్దీ ఉండాలని. చిన్న మేస్త్రీ రోడ్డు అవతల, వంతెన మొదట్లో నిలబడ్డాడు. పెద్ద మేస్త్రీ ఇవతల, సిగ్నలు స్తంభం పక్కన. రొట్టెలాయన కూడా సైకిలు ఆపి చూస్తున్నాడు. "పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారు. ఇక్కడ పిల్లులు రెండు" అన్నాడాయన. ఎవరూ నవ్వలేదు.

మొదట పాత సైకిలు. ఎప్పుడూ జరిగేదే జరిగింది. లైటు పచ్చబడింది, మోటారు మూలిగింది, చక్రం ఊగింది, వెనక హారన్లు మోగాయి. ఆమె ఒంటికాలితో తన్నుకుంటూ ఎక్కింది. తిరిగి వచ్చి మొగుడి మొహంలోకి చూసింది. ఇప్పుడైనా చూశారు కదా అన్నట్టు.

"దాటావా లేదా?" అన్నాడాయన. "దాటావు."

ఆమె క్యారియరు మీది పెట్టెను విప్పి మార్చి కట్టింది. రెండో సైకిలు తీసుకుని వెనక్కు వెళ్ళి, మలుపు తిరిగి వచ్చింది. చదును మీద మీట నొక్కుతూ, నొక్కుతూ, అన్నిటికంటే పెద్ద గేరులోకి తెచ్చింది. గాలి మొహానికి తగులుతుంటే చాలా రోజుల తర్వాత ఆమెకు నవ్వు వచ్చింది. ఎదురుగా లైటు ఎర్రబడింది. ఆగింది. అన్నిటికంటే ముందు వరసలో, ఎత్తు మొదట్లో. వెనక ఒక బస్సు వచ్చి బుస్సుమంటూ ఆగింది.

మొగుడు రెండు అడుగుల దూరంలో ఉన్నాడు. ఆయన ఆమె వెనక చక్రం వైపు చూశాడు. తర్వాత కళ్ళెత్తి ఆమెను చూశాడు. తర్వాత సిగ్నలు లైటు వైపు తల తిప్పుకున్నాడు. లైటు చూసుకో, సిద్ధంగా ఉండు అని చెప్తున్నాడనుకుంది ఆమె. మనసు చల్లబడింది. "చూస్తున్నావుగా తండ్రీ" అనుకుంది.

పచ్చ.

పెడలు మీద బరువు వేసింది. పెడలు రాయిలా ఉంది. మోటారు గుర్రుమంది గానీ సైకిలు కదలలేదు. కదిలింది, మళ్ళీ ఆగబోయింది. వెనక హారను మోగింది. ఆమెకు మీట గుర్తొచ్చింది. ఎటు నొక్కాలో తెలియక గబగబా రెండుమూడుసార్లు నొక్కింది. మోటారు బలమంతా చైను మీద ఉన్న ఆ క్షణంలోనే చైను పళ్ళు మారబోయి టప్పున తెగింది. పెడలు కింద ఒక్కసారిగా ఏమీ లేకుండా పోయింది. కాలు జారి కిందకు దిగబడింది. సైకిలు, పెట్టె, ఆమె, అన్నీ కలిసి కుడివైపుకు పడ్డాయి.

బస్సు బ్రేకు చప్పుడు ఆమె చెవి పక్కనే వినిపించింది. కళ్ళు తెరిచేసరికి నల్లని టైరు కనిపించింది. దాని గాడిలో ఇరుక్కున్న చిన్న గులకరాయి కూడా కనిపించింది. అంత దగ్గర.

ముందు వచ్చి లేపింది రొట్టెలాయన. మొగుడూ వచ్చాడు. ఒక చెయ్యి ఆమె భుజం కింద వేశాడు. రెండో చెయ్యి రోడ్డు అవతలి వైపు ఊపుతూ, "చూశావట్రా? చూశావా నీ మోటారు?" అన్నాడు.

షాపులో ఆమెను బెంచీ మీద కూర్చోబెట్టారు. మోకాలు చెక్కుకుపోయింది, మోచెయ్యి వాచింది. అత్తగారు తడిగుడ్డ అద్దుతూ, "నా నోట్లోంచి ఏ వేళలో వచ్చిందో ఆ మాట" అని తనను తాను తిట్టుకుంటోంది. ఊళ్ళో అందరి పుళ్ళూ కడిగే నర్సమ్మ తన మోకాలి వంక పరాయివాళ్ళదాన్ని చూసినట్టు చూస్తోంది. అన్నదమ్ములు ట్యూబుకు అటూ ఇటూ నిలబడ్డారు. తెగిన చైను దాని మీద పడి ఉంది.

"పెద్ద గేరులో ఆపితే ఏ మోటారైనా అంతే" అన్నాడు చిన్నవాడు. "గేరు దించకుండా ఎత్తెక్కితే మోటారు తప్పా అది? దించి ఆగి ఉంటే..."

"ఆ మాట ముందు చెప్పొచ్చుగా? ఎక్కి తొక్కడమే అన్నావు. మనిషి ఆగేముందు ఇన్ని గుర్తుపెట్టుకోవాలా? నీది రద్దీలో పనికొచ్చే మోటారు కాదురా. అది ఆగినప్పుడే చూశా. చైను చిట్టచివరి చిన్న పళ్ళచక్రం మీద, అంటే పెద్ద గేరులో ఉంది. అప్పుడే అనుకున్నా, ఇక ఇది లేవదు అని."

తాను గెలిచినట్టే చెప్పాడాయన. చెప్పి, గ్రీజు డబ్బా మూత తీసి మళ్ళీ పెట్టాడు.

"ఎప్పుడు చూశారు?" అంది ఆమె.

"ఏంటి?"

"చైను ఎక్కడ ఉందో ఎప్పుడు చూశారు?"

"చెప్పాగా. నువ్వు ఆగినప్పుడే."

"లైటు మారకముందా?"

అప్పటికి ఆయనకు తన నోటి నుంచి ఏం వచ్చిందో తెలిసింది. చిన్నవాడు అన్న మొహంలోకి చూసి, చూపు తిప్పుకున్నాడు.

"మాట అనుకున్నాం కదా" అన్నాడు పెద్ద మేస్త్రీ. "ఎవరూ ఏమీ చెప్పకూడదని. చెప్తే అది పరీక్ష ఎలా అవుతుంది?"

"అవునండీ" అంది ఆమె. "అవదు."

ఇంకేమీ అనలేదు. అని ఉంటే బాగుండేది. తిట్టినా, ఏడ్చినా ఆయనకు సమాధానం ఉండేది. ఆయన బస్సు తగులుతుందని అనుకోలేదు. ఆమె కింద పడుతుందనీ అనుకోలేదు. కాస్త తడబడుతుంది, హారన్లు మోగుతాయి, తమ్ముడు తల దించుకుంటాడు. అంతవరకే అనుకున్నాడు. ఆమెకు అది తెలుసు. చెడ్డవాడైతే ఆమెకు ఇంత కష్టం ఉండేది కాదు. ఒక్క మాట, "గేరు దించు" అని ఒక్క మాట, రెండు అడుగుల దూరంలో ఆయన నాలుక మీద ఉంది. ఆయన దాన్ని మింగేశాడు. మింగడానికి పెద్దగా కష్టపడలేదు కూడా. తల తిప్పుకుంటే సరిపోయింది.

చిన్నవాడు వచ్చి ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు. "తప్పు నాది వదినా. మర్మం చెప్పకుండా ఇచ్చాను."

"నీదీ తప్పే చిన్నా" అంది ఆమె మెత్తగా. "కానీ నువ్వు రోడ్డు అవతల ఉన్నావు. నీకు చైను కనిపించలేదు."

ఆమె కుంటుతూ ఉన్న రోజుల్లోనే పెద్ద మేస్త్రీ పాత సైకిలు వెనక చక్రం ఊడదీశాడు. అటక మీద నుంచి దుమ్ము పట్టిన అట్టపెట్టె ఒకటి దించాడు. అందులో ఇంకో రకం మోటారు ఉంది. అదీ చక్రంలో పెట్టేదే గానీ, లోపల చిన్న చిన్న పళ్ళచక్రాలు ఉంటాయి. మోటారు లోపల జోరుగా తిరిగి, ఆ పళ్ళ ద్వారా చక్రానికి వేగం తగ్గించి బలం పెంచి ఇస్తుంది. గేరు దించే పని లేదు, చైను మీద భారం లేదు. ఆగిన చోటు నుంచి చటుక్కున లేస్తుంది. కాస్త చప్పుడు చేస్తుంది, ఎప్పటికో ఒకప్పటికి పళ్ళు అరుగుతాయి. అందుకే ఆయన దాన్ని ఇన్నాళ్ళూ "అరిగిపోయే సరుకు" అని ఎవరికీ చూపించలేదు. తన పక్షానికి చెడ్డపేరని.

"ఇది ఎప్పటి నుంచి ఉంది?" అని ఆమె గుమ్మం దగ్గర నిలబడి అడిగింది.

ఆయన ఇంకో నట్టు తీసుకుని బిగించడం మొదలుపెట్టాడు.

"నాన్న పోకముందు తెప్పించిందే" అన్నాడు చిన్నవాడు ట్యూబు అవతల నుంచి.

అంటే ఆ వాన రోజున కూడా అటక మీదే ఉంది. ఆమె తల ఊపి లోపలికి వెళ్ళిపోయింది.

మోకాలి గాయం మానాక, ఆ సైకిలు మీదే వంతెన దగ్గరకు వెళ్ళింది. ఎర్ర లైటు. వెనక బస్సు. పచ్చబడగానే చక్రంలోంచి సన్నగా జుంయ్‌మని చప్పుడు వచ్చింది. సైకిలు నిటారుగా, ఊగకుండా ముందుకు లేచింది. హారను మోగకముందే ఆమె ఎత్తు మీద ఉంది. అంతే. ఇన్నాళ్ళ భయం అంత తేలికగా తీరిపోయింది. మేష్టారి కూతురు ఆ రోజు నవ్వుతూ తలుపు తీసింది. "బండి బాగైనట్టుందే" అంది. "బాగైంది" అంది నర్సమ్మ.

కానీ ఆగిన ప్రతిసారీ ఆమె తల దానంతట అదే సిగ్నలు స్తంభం వైపు తిరిగేది. అక్కడ ఎవరూ ఉండేవారు కాదు. అలవాటు కొద్దీ పెదవుల దాకా వచ్చిన "చూస్తున్నావుగా తండ్రీ" అన్న మాట అక్కడే నిలిచిపోయేది. ఇంట్లో దీపం ముందు కూర్చున్నా అంతే. చూడటం అంటే చూసుకోవడమేనని ఇన్నాళ్ళూ అనుకుంది. అది నిజమేనా? దేవుడిని అనుమానించడానికి ఆమెకు నోరు రాలేదు. నీతోనే చెప్పుకోవాలి గనక అడుగుతున్నాను, తప్పైతే క్షమించు అనుకుని, ఒత్తి ఎగదోసి లేచేది.

షాపులో ట్యూబు తీసేశారు. బోర్డు మీద ఏ మోటారు పేరూ రాయలేదు. వచ్చినవాళ్ళు ఏది మంచిదని అడిగితే ఇప్పుడు ఇద్దరూ, "నువ్వు తిరిగే దారి ఎలాంటిది?" అని అడుగుతున్నారు. రొట్టెలాయనకు అది తెగ నచ్చింది. "ఇంత జ్ఞానం రావడానికి నర్సమ్మ మోకాలు కావాల్సొచ్చింది" అన్నాడు. ఆయన మాటకు ఈసారీ ఎవరూ నవ్వలేదు.

పెద్ద మేస్త్రీ సాయంత్రం ఆమె రాగానే సైకిలు అందుకుని స్టాండు వేసేవాడు. "లేస్తోందా బాగా?" అనేవాడు.

"లేస్తోందండీ."

"వేడెక్కట్లేదుగా?"

"లేదండీ."

ఇంకేదైనా అంటుందేమోనని కాసేపు నిలబడేవాడు. ఆమె కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళిపోయేది. "వాడు అడుగుతుంటే ఒక ముక్క మాట్లాడితే నీ సొమ్మేం పోయిందే?" అని అత్తగారు గొణిగేది. "అడిగినవాటికి చెప్తూనే ఉన్నా కదత్తయ్యా" అనేది ఆమె. అది నిజమే.

ఒక సాయంత్రం ఆమె వచ్చేసరికి ఆయన సైకిలు గోడకు ఆనించి ఉంది. పక్కనుంచి పోతూ ఆమె చూసింది. ముందు బ్రేకు తీగ, పిడి దగ్గర, పోగులు పోగులుగా విచ్చిపోయి ఉంది. రెండో మూడో పోగులు మాత్రం మిగిలాయి. మేస్త్రీ ఇంట్లో మేస్త్రీ బండి ఎప్పుడూ అలాగే ఉంటుంది. మర్నాడు ఆయన వంతెన అవతలికి సామాను కోసం వెళ్ళాలి. వచ్చేటప్పుడు ఆ ఎత్తంతా దిగుడే.

చెప్పాలనుకుంది. ఆయన ఎదురుగానే ఉన్నాడు, "లేస్తోందా బాగా?" అని అడుగుతున్నాడు.

"లేస్తోందండీ" అంది.

కాళ్ళు కడుక్కుంది. దీపం పెట్టింది. వంట చేసింది. అన్నం వడ్డించింది. ఆ మాట నాలుక మీదే ఉంది. దాన్ని బయటకు రానివ్వకుండా ఉంచడం ఎంత తేలికో చూసి ఆమెకే భయం వేసింది. బలమేమీ అక్కర్లేదు. కోపం కూడా అక్కర్లేదు. తల తిప్పుకుంటే సరిపోతుంది.

పొద్దున ఆయన సంచీ తగిలించుకుని సైకిలు ఎక్కబోతుండగా ఆమె గుమ్మంలోకి వచ్చింది.

"ముందు బ్రేకు తీగ తెగబోతోంది. మార్చుకుని వెళ్ళండి."

ఆయన వంగి చూశాడు. వేలితో తాకగానే ఒక పోగు పుటుక్కున తెగింది. ఆయన మొహంలో వెలుగు వచ్చింది. ఎన్ని రోజులకో ఆయన అడగకుండానే ఆమె ఒక మాట చెప్పింది.

"మంచిదానివి, చూశావు. ఎప్పుడు చూశావు?"

ఆమె అబద్ధం చెప్పి ఉండవచ్చు. అది కూడా తేలికే.

"నిన్న సాయంత్రం" అంది.

ఆయన పెడలు మీద నుంచి కాలు తీసి నేల మీద పెట్టాడు. చాలాసేపు బ్రేకు తీగ వంకే చూస్తూ నిలబడ్డాడు. ఆమె తన సైకిలు స్టాండు తీసి, పెట్టె మూత సరిచూసుకుని, మేష్టారికి కట్టు మార్చే వేళ అవుతోందని బయలుదేరింది.